చుట్టి కట్టిన తీగ

వీధిలో అందరి కంప్యూటర్లకూ ప్రాణం పోసే మొగుడికి సొంతింటి కీబోర్డు మాత్రం లొంగడం లేదని ఆవిడ ఆదివారం నుంచీ సణుగుతూనే ఉంది. పోయిన కూతురు పాడి దాచుకున్న పాట ఆ కంప్యూటర్‌లోనే ఉంది. అతను దాన్ని విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగించాడు. తెర వెలిగింది కానీ కీబోర్డు, మౌస్ ఉలకవు, పలకవు.

“పేరు గొప్ప, ఊరు దిబ్బ! అమ్మాయి పాట ఒక్కసారి వింటానంటే ఇన్నాళ్ళా అండీ?”

“పాత డబ్బా కదే, చూస్తున్నాగా.”

“మీరు చూసింది చాల్లెండి. ఆ టార్చి ఇలా ఇవ్వండి.”

ఆవిడ లోపలికి తొంగిచూసింది. కీబోర్డు, మౌస్ గుచ్చిన సాకెట్ల తీగ లోపలి బోర్డుకు తగిలించి లేదు. మర్చిపోయిన తీగైతే వేలాడుతూ ఉండేది. ఇది పొందిగ్గా చుట్టి, దారంతో కట్టి ఉంది.

నోటిదాకా వచ్చిన ఎకసెక్కం ఆవిడ నోట్లోనే ఆగిపోయింది.

“కావాలనే కట్టారా?”

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

“నాకోసమే పాడిందే ఆ పాట. వినమని వెంటపడితే, పనీపాటా లేదా అని కసిరాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వినను?”

ఆవిడ దారం ముడి విప్పసాగింది.

“తప్పు నాదేనే,” అన్నాడతను. “అది బతికుండగా వినాల్సింది.”