జీపు కింద అట్టముక్క

జీపు కింద మళ్లీ అట్టముక్క కనబడింది.

నిన్న తీసి పారేసింది. మొన్నా పారేసింది. ఇంటి ముందు ఎవరో చెత్త వేస్తున్నారనుకుని ఊరుకుంది టీచరు. ఇవాళ మాత్రం మనిషే దొరికాడు.

వెనక చక్రం పక్కన మోకాళ్ల మీద వంగి, అట్టను లోపలికి తోస్తున్నాడు. నెరిసిన గడ్డం. వెలిసిన చొక్కా.

"ఎవరది? ఏం చేస్తున్నారక్కడ?"

అతను ఉలిక్కిపడి లేవబోయాడు. మడ్‌గార్డు నెత్తికి తగిలింది.

"బండి కారుతోందమ్మా. ఎక్కణ్ణించో తెలుస్తుందని అట్ట పెట్టాను."

"మా బండి కారితే మీకేం?"

అతను అట్టను బయటికి లాగాడు. అంచున నల్లటి మచ్చ. వేలితో రాసి వాసన చూశాడు.

"ఇంజినాయిలు కాదమ్మా, గేర్ ఆయిల్. వెనక ఇరుసు చివర, నూనె కారకుండా ఆపే సీలు పోయింది. నూనె మెల్లగా బ్రేకుల్లోకి దిగి వాటిని పట్టనివ్వదు. గోటితో పోయేది గొడ్డలిదాకా తెచ్చుకోకూడదు. మచ్చ చిన్నదే కదా, రేపు చూద్దాంలే అనుకోకండి."

ఆమెకు ఈ పాట కొత్త కాదు.

నాన్న పోయాక ఆ జీపు కోసం వచ్చిన ప్రతివాడూ ముందు ఒక లోపం చెప్పాడు, ఆ తరవాత ఒక ధర చెప్పాడు. ఒకడికి తుప్పు కనబడింది. ఒకడికి ఇంజినులో దగ్గు వినబడింది. ఇతను ఇంకా తెలివైనవాడు, పొద్దున్నే వచ్చి మచ్చలు వెతుకుతున్నాడు.

"ఎంతకు అడుగుదామని?"

"కొనడానికి రాలేదమ్మా."

"మరి? చుట్టరికం కలుపుకోవడానికా?"

అతను ఆమె భుజం మీదుగా వరండాలోకి చూశాడు. అక్కడ కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో చేతికర్ర. కన్నార్పకుండా అతన్నే చూస్తోంది.

"ఇంకోసారి ఈ బండి దగ్గర కనబడితే పోలీసులకు చెబుతాను."

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆమెకు అదీ నటనలాగే తోచింది.

"అంతలేసి మాటలు ఎందుకే?" అంది అమ్మ.

"నీకందరూ మంచివాళ్లే."

జీపంటే నాన్నకు ప్రాణం. ఆదివారమైతే దాని కిందే ఉండేవాడు. 'మీ నాన్న ఎక్కడ?' అని ఎవరైనా అడిగితే, కాళ్లు కనబడుతున్నాయి చూడండి అనేది అమ్మ. అలాంటి మనిషి, నడిచి ఇంటికి వస్తూ పోయాడు. వాలులో బ్రేకు పడని లారీ గుద్దింది.

ఆ తరవాత జీపు బానెట్ ఎత్తడానికి ఆమెకు మనసు రాలేదు. ఎండకు ఎండి, వానకు తడిసింది. అమ్మ కాలు పడిపోయి ఆసుపత్రికి తిప్పవలసి వచ్చాకే మళ్లీ తాళం చేతిలోకి తీసుకుంది. పెట్రోలు పోయడం తప్ప ఇంకేమీ చూడలేదు.

మర్నాటి నుంచి అట్టముక్క కనబడలేదు.

పీడ విరగడైందనుకుంది.

తరవాత అమ్మను ఆసుపత్రికి తీసుకెళుతున్న రోజున, వాలు సగం దిగుతుండగా పక్క సందులోంచి ఒక సైకిలు చటుక్కున రోడ్డు మీదికి వచ్చింది. తొక్కుతున్నది తండ్రి. ముందు కడ్డీ మీద పాప.

ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కింది.

జీపు ఆగింది. సైకిలుకు జానెడు దూరంలో ఆగింది. పాప ఏమీ ఎరగనట్టు గంట మోగించింది.

ఆమె కాలు ఇంకా పెడలు మీదే ఉంది. అట్ట మీది నల్లమచ్చ కళ్ల ముందు కదిలింది. అమ్మ మాత్రం, ఆగుతుందని ముందే తెలిసినదానిలా నిమ్మళంగా ఉంది.

ఆసుపత్రి సంగతి తరవాత. బండిని నెమ్మదిగా మెకానిక్కు షెడ్డుకు పోనిచ్చింది.

"ఇప్పుడే వాలులో గట్టిగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. వెనక చక్రం విప్పి చూడండి. ఆయిల్ కారుతోందని ఎవరో చెప్పారు."

"దీనికి మా నాన్న వయసుంటుందండీ. కారకుండా ఎలా ఉంటుంది?" అంటూ మెకానిక్కు చక్రం విప్పాడు. బ్రేకు డ్రమ్ము లాగాడు. టార్చి వేసి చూశాడు.

"ఎక్కడండీ కారేది? సీలు కొత్తది. బ్రేక్ షూలూ కొత్తవే. రెండో పక్క కూడా మార్చినట్టున్నారు. ఎవరో గానీ సొంత బండిలా చేశాడు."

"నేను చేయించలేదే."

"బాగుందండీ. పాత సీలే ఉండి ఉంటే, ఆ వాలులో మీరు ఆగేవారు కాదు."

ఆమె బెంచీ మీద కూర్చున్న అమ్మ వైపు తిరిగింది.

"నువ్వు బడికి వెళ్లినప్పుడు తాళం నేనే ఇచ్చాను," అంది అమ్మ.

"అతనికా?"

"వీధి చివర నిలబడి చూస్తుంటే నేనే పిలిచాను. మధ్యాహ్నమంతా బండి కిందే ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్లిస్తే గేటు బయట నిలబడి తాగాడు."

"ఎక్కడుంటాడమ్మా? ఇప్పుడే వెళదాం. తప్పయిపోయిందని చెబుతాను."

"వెళ్లిపోయాడు. ఏ ఊరని అడిగితే చెప్పలేదు. ఇక మన కంట పడనన్నాడు."

ఆమె అమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"ముక్కూ మొహం తెలియనివాడికి నాన్న బండి తాళం ఎలా ఇచ్చావు?"

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు తెలుసు తల్లీ, మీ నాన్న కేసుకు నువ్వు రానన్నావు గానీ నేను వెళ్లాను కదా, 'లారీ చక్రం దగ్గర మచ్చ రోజూ చూస్తూనే ఉన్నానండీ, రేపు చూద్దాంలే అనుకున్నాను' అని బోనులో నిలబడి చెప్పింది అతనే."