సొరచేపల పిల్ల

మూడో ఉత్తరం చదవగానే కూతురు పోలీసులకు ఫోన్ చేసింది. అమ్మ చేతిలోంచి కత్తెర జారి కింద పడింది.

అమ్మ రేవు వీధిలో బట్టలు కుడుతుంది. కూతురు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఏటా ఆ రేవులో సరదా వేటగాళ్ల పోటీ. అందరికన్నా పెద్ద సొరచేపను పట్టి కొక్కేనికి వేలాడదీసినవాడికి కప్పు. ఫొటోలు తీసుకున్నాక చేప చెత్తకుప్పలోకే. ఆ పోటీని ఊరి సభలో ఓటు పెట్టించి ఆపించాలని కూతురు గడప గడపా ఎక్కి సంతకాలు పోగుచేస్తోంది. రేవంతా ఆమెను ‘సొరచేపల పిల్ల’ అని వెక్కిరిస్తోంది.

కిందటి నెల ఓ పడవల యజమాని నడిబజారులో ఆమెకు అడ్డం వచ్చాడు.

"అంత ప్రేమైతే నిన్నూ వాటి దగ్గరికే పంపిస్తాం."

కూతురు నవ్వేసింది. పక్కనున్న అమ్మకు పైప్రాణం పైనే పోయింది.

"మానెయ్యవే తల్లీ! నోరులేని వాటికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"నోరు లేకపోవడమేంటమ్మా, నోటినిండా అన్ని పళ్లుంటేను!"

ఆ తర్వాతే ఉత్తరాలు మొదలయ్యాయి. వారానికొకటి. కోడి గీతల్లాంటి అక్షరాలు, సంతకం లేదు. మూడోదాంట్లో ఒకటే ముక్క: ‘సభలో నోరు విప్పితే ఇంటికి తిరిగి రావు.’

ఇన్‌స్పెక్టరు వచ్చి కాగితాన్ని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"రాసినవాడు ఎక్కడికీ పోడు. రెండ్రోజుల్లో పట్టేస్తాం."

అమ్మ ఆయనకు ఇవ్వబోయిన మంచినీళ్లు సగం నేలపాలయ్యాయి.

"మీరలా వణికిపోతే ఎలాగమ్మా? మేమున్నాంగా" అన్నాడాయన.

మర్నాడు ఊరి సభ. అమ్మ చివరి వరుసలో, పమిట కొంగు పిడికిట బిగించి కూర్చుంది. కూతురు వేదికెక్కింది. సొరచేపల మాటే ఎత్తలేదు. మూడు ఉత్తరాలూ ఒకదాని తర్వాత ఒకటి చదివింది.



"ఒక కప్పు కోసం మనిషిని చంపేదాకా వచ్చామా?" అంది సభ అధ్యక్షురాలు. చేతులు లేచాయి. పోటీ రద్దయింది.

ఇంటికి రాగానే కూతురు అమ్మను వాటేసుకుంది. "ఆ ఉత్తరాలే గెలిపించాయమ్మా! రాసినవాడు కనబడితే కాళ్లకి దండం పెట్టేస్తా!" అంటూ స్నేహితులకు చెప్పడానికి బయటికి పరిగెత్తింది.

అమ్మ తలుపు గడియ పెట్టి, పొద్దున ఎడమచేత్తో సగం రాసి ఆపిన నాలుగో ఉత్తరాన్ని ముక్కలు ముక్కలుగా చింపేసింది.