మంగు కాయ

గుండుగొలను దాటాక రోడ్డు పక్కనే దేవకుమారి నిమ్మతోట. ఆ శనివారం ఆవిడ వెళ్ళేసరికి, ఎవరో ముసలాయన చెట్టు కింద కూర్చుని కాయని భూతద్దంలో చూస్తున్నారు.

"ఏవండీ, ఎవర్నడిగి లోపలికొచ్చారు?"

"ఇది మంగునల్లి పనమ్మా, ఉత్త కంటికి కనపడదు," అన్నారాయన తలెత్తకుండా.

దేవకుమారికి ఒళ్ళు మండింది. పోయిన భర్త నాటిన చెట్లు. కాయలన్నిటికీ మట్టిరంగు మంగు పట్టి, ఏలూరు మార్కెట్లో ముట్టుకునేవాళ్ళు లేరు. సోమవారం పొక్లెయిన్ వస్తోంది. చెట్లు పీకించి, నేల చేపల చెరువుకి ఇచ్చేస్తోంది.

"కొట్టని మందు లేదండీ. తాడేపల్లిగూడెం కామేశం గారి మందంటే మావారికి గురి. ఆయన కొట్టు మూసేస్తే, అదే మందు ఏలూరులో వెతికి మరీ తెచ్చాను."

ముసలాయన భూతద్దాన్ని పంచె అంచుతో తుడిచారు. అది శుభ్రంగానే ఉంది.

"ఆ మందు పురుగుకమ్మా. నల్లి చావదు. నల్లిని తినే మంచి పురుగులు చస్తాయి. అందుకే కొట్టినకొద్దీ పెరిగింది."

"ఆ సంగతి కామేశం గారికి తెలీదా?"

"తెలీదు. తెలుసనుకున్నాడు."

"పెద్దమనిషిని పట్టుకుని 'అనుకున్నాడు' అంటారేంటండీ!"

ఆయన నవ్వి, భూతద్దం చేతికిచ్చారు. కాయ తోలు మీద పసుప్పచ్చటి నలుసులు కదులుతున్నాయి.

"అమ్మో!"

ఆయన కాయ కోసి ఆవిడ అరచేతిలో పిండారు. రసం ధారగా కారింది.

"మచ్చ తోలుకేనమ్మా. నీళ్ళలో కలిసే గంధకం, లీటరుకి మూడు గ్రాములు. చల్లటిపూట, ఆకుల అడుగునా కాయల మీదా తడిసేలా కొట్టండి. పదిహేను రోజులకి మళ్ళీ. ఒక్క కాపు ఆగండి."

"ఇంతకీ మీరు ఏ కంపెనీ ఏజెంటండీ?"

"మచ్చలేని కాయ వస్తే ఒకటి తెచ్చి చూపించండమ్మా. వట్లూరు రైలు గేటు దాటాక మొదటి డాబా."

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి తోట గేటు దగ్గర గంధకం సంచి. దాని మీద భూతద్దం.

దేవకుమారి పొక్లెయిన్‌ని వద్దంది. చుట్టాలు నవ్విపోయారు.

కొత్త కాపు నిగనిగలాడుతూ వచ్చింది. కోతల హడావుడిలో, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ నెల గడిపేసింది.

చివరికి బుట్టెడు కాయలతో వట్లూరు వెళ్తే, ఆయన భార్య వెంకటసుబ్బలక్ష్మి తలుపు తీసింది.

"ఆయన పోయి పన్నెండు రోజులైందమ్మా. మచ్చలేని కాయ ఎవరైనా తెచ్చారా అని రోజూ అడిగేవారు."

దేవకుమారికి ఏడుపు ఆగలేదు. "గంధకం అమ్ముకునే మనిషనుకున్నానండీ."

"ఎవరో తెచ్చిన కాయ మీద మొదటిసారి నల్లిని చూసిన రోజే ఉన్న పని మానేశారమ్మా. ఆ తర్వాత రెండేళ్ళూ తోటతోటకీ తిరగడమే."

కాయలు ఆయన పటం ముందు పెట్టబోయి దేవకుమారి ఆగిపోయింది.

పటం వెనక గోడకి ఆనించిన పాత రేకు బోర్డు మీద వెలిసిన ఎర్ర అక్షరాలున్నాయి: 'కామేశం పురుగుమందుల కొట్టు, తాడేపల్లిగూడెం.'