గొడుగు తుంగ

“ఎవరది? కంచె కాడ నిలబడి ఏం చూస్తున్నవ్?”

అనసూర్య చీపురు పడేసి గేటు దగ్గరికి వచ్చింది.

నల్ల బురఖాలో ఉన్న ఆమె ముసుగు పైకెత్తి, నవ్వబోయి ఆగింది.

“ఏం లేదు చెల్లె. మీ నల్లా కాడ నీళ్లు నిలుస్తయి కదా. ఇవి కుండీల మొలిపిచ్చి ఆడ పెడితే మంచిగొస్తయి.”

గుప్పిట్లోని కాగితం పొట్లం విప్పింది. నస్యంలా సన్నటి గింజలు.

“ఏం గింజలు?”

“గొడుగు తుంగ.”

“తుంగనా! పొలంల మొలిస్తే మా అవ్వ తిట్టుకుంట పీకేది. దాన్ని కుండీల పెడ్తరా?”

“ఇది గా తుంగ కాదు. కాడ కొసకు గొడుగు ఇప్పినట్ల ఆకులొస్తయి. చూస్తే పానం నిమ్మలమైతది.”

అనసూర్య ప్రాణం నిమ్మళించి చాన్నాళ్లయింది. నిరుడు బొగ్గుబాయిలో కప్పు కూలి, భర్త సదయ్య చావు తప్పి ఇల్లు చేరిన నాటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవదు. అతను డ్యూటీకి పోతే చాలు, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తుంది.

చేతికి పని దొరికిందని కుండీ తెచ్చింది.

“పైన మన్ను కప్పకు చెల్లె. గింజకు ఎలుతురు కావాలె. తడి మన్నుమీద చల్లి అరచేత్తోని అద్దు. కుండీని నీళ్ల పళ్లెంల పెట్టు. జల్ది రావు. ఫికర్ చెయ్యకు.”

పోతూ పోతూ అడిగింది.

“మీ ఆయన మంచిగున్నడా?”

“ఆ, బాగనే ఉన్నడు.”

ఆ తర్వాత తరచూ వచ్చేది. కుండీలోకి వంగి చూసేది. పోయేముందు అవే ప్రశ్నలు.

“అన్నం మంచిగ తింటున్నడా? నిద్ర పడుతున్నదా?”

గింజలు మొలవలేదు. అనసూర్యలో అనుమానం మాత్రం మొలిచింది.

నా మొగని తిండీ నిద్రా ఈమెకెందుకు?

ఒక మధ్యాహ్నం నీళ్లు పట్టుకుని వచ్చేసరికి ఆమె గడప దగ్గర నిలబడి ఉంది. లోపల మంచం మీద నిద్రపోతున్న సదయ్యను రెప్పవేయకుండా చూస్తోంది.

అనసూర్య బిందె దబ్బున దించింది.

“సిగ్గులేదా? పరాయి మొగోన్ని గట్ల చూస్తవా?”

“చెల్లె, ఒక్కసారి...”

“చెల్లె లేదు, గిల్లె లేదు. మల్ల ఈడ కనబడితే మర్యాద దక్కది!”

ఆమె ముసుగు దించుకుని వెళ్లిపోయింది.

మరి రాలేదు.

కొన్నాళ్లకు కుండీలో వెంట్రుకల్లాంటి మొలకలు లేచాయి. ఏది కలుపో, ఏది తుంగో అనసూర్యకు తెలియలేదు. అడుగుదామంటే మనిషి లేదు. తానన్న మాటలు గుర్తొచ్చి అన్నం సహించలేదు. చివరికి కుండీ చంకన పెట్టుకుని, గొడుగు తుంగ పెంచే ఇల్లేదని అడుగుతూ కాలనీ అంతా తిరిగింది.

చివరి వరుసలో ఒక క్వార్టర్‌కు సున్నం వేస్తున్నారు. గోడ వెంట పచ్చటి గొడుగులు కాళ్ల కింద పడి నలిగిపోయి ఉన్నాయి.

“ఈ ఇంటామె ఏది?”

“మైమూనానా? ఖాళీ చేసి మందమర్రికి, తమ్ముని కాడికి పోయింది,” అంది పక్కింటి మల్లక్క. “నిరుడు బాయిల సచ్చిపోయిన అలీముద్దీన్ పెండ్లామే కదా. ఇగ రాదు.”

ఆ పేరు అనసూర్య విన్నదే. మనుషులను ఎరుగదు.

ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. సదయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

“అలీముద్దీన్ పెండ్లాం నిన్ను చూసెటందుకు ఎందుకొచ్చింది?”

సదయ్య లేచి ఆమె చంకలోని కుండీ అందుకున్నాడు.

“ఆమె ముంగట నిలబడే ధైర్యం లేక నేనే పోలే... గా దినం నన్ను ఇవతలికి నూకి, కూలిన బండ కింద ఆయనుండిపోయిండు.”