అమ్మిరాజు చూర్ణానికి పరీక్ష

"మావయ్యగారూ, ఆ మూత మీరు ముట్టుకోకండి," అంది సాయిదుర్గ, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుంటూ.

అమ్మిరాజు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన అరుగు మీద, తన చూర్ణం పోసే సీసా మూత తనే ముట్టుకోకూడదట! మేనకోడలు కాకినాడ ల్యాబులో పనిచేస్తుంది మరి, సూక్ష్మజీవులంటే దానికి చుట్టాల కింద లెక్క. అత్త వీరాయమ్మ లోపల్నించి తెచ్చిన పొట్లాన్ని సాయిదుర్గే విప్పి, పొడి సీసాలో పోసి, మూత బిగించి సంచిలో పెట్టుకుంది.

గొడవంతా పక్క మండలంలో మొదలైంది. అక్కడెవరో ఇచ్చిన నాటుమందు తిన్నవాళ్ళు వాంతులూ విరేచనాలతో ఆస్పత్రి పాలయ్యారు. మందాకు మంచిదే గానీ, ఆకుతో పాటు పేడలో ఉండే బాక్టీరియా కూడా పొడిలోకి వచ్చిందట. ఆ కబురు విన్న దగ్గర్నించీ సాయిదుర్గ మేనమామ చూర్ణం మీద పడింది.

రాజోలు చుట్టుపక్కల కడుపునొప్పంటే అమ్మిరాజు పేరే చెబుతారు. తాతలనాటి మందు, ఆదివారం పొద్దున్నే ఉచితంగా ఇస్తాడు. దానికి కట్టుబాట్లున్నాయి. మూలికల పేర్లు పైకి చెప్పకూడదు, చెబితే గుణం పోతుంది. ఇచ్చేవాడు తన మందు నోట్లో వేసుకోకూడదు, వేసుకుంటే హస్తవాసి పోతుంది. దంచడం మగవాడి వంతు, పొట్లాలు కట్టడం ఇల్లాలి వంతు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన దంచి డబ్బాకెత్తి ఇవ్వడం, వీరాయమ్మ వంటింట్లో కూర్చుని పొట్లాలు కట్టడం జరుగుతూనే ఉంది.

"తేడా వస్తే మాత్రం మానెయ్యాలండి," అంది సాయిదుర్గ బయల్దేరుతూ.

"తేడా వస్తే ఆ రోలు కాలవలో పడేస్తాను. చాలా?" అన్నాడు అమ్మిరాజు మీసం దువ్వుకుంటూ.

బస్సు వెళ్ళిపోయింది. మీసం మీది చెయ్యి కిందికి దిగింది. ఎందుకైనా మంచిదని తన మందు తయారయ్యే దారంతా ఓసారి చూసుకుందామని పెరట్లోకి నడిచాడు. చూడకపోయినా బాగుండేది. మూలికలు కడిగేది పంటకాలవలో, ఆ పైనే పక్కింటి శివనాగరాజు గేదెలు జలకాలాడతాయి. ఆరబెట్టేది వాకిట్లో గోనె మీద, కోళ్ళు దాని మీదనుంచే షికారు చేస్తాయి. రోట్లో పిల్లి పడుకుని ఉంది. ఇక ఘనత వహించిన వైద్యుడుగారు చేతులు తుడుచుకునేది పొలంలో కట్టుకున్న పంచెకే. ఏ హోటలువాడో ఇలా వండితే వాడి దుకాణం ముందు నిలబడి అందరికంటే ముందు కేకలేసేది తనే.

దానికంటే పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది. మందు తీసుకెళ్ళి మళ్ళీ రానివాళ్ళందరినీ ఇన్నేళ్ళూ ఆయన నయమైనవాళ్ళ కింద జమ కట్టుకున్నాడు. నయమైతే మళ్ళీ ఎందుకొస్తారు అని గర్వంగా చెప్పుకునేవాడు కూడా. ఎందుకు రాలేదో ఒక్కర్నీ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ఒక్కొక్కరి మొహం గుర్తొస్తుంటే అన్నం సయించలేదు.

ఆ ఆదివారం వచ్చినవాళ్ళని వచ్చినట్టే సర్కారు ఆస్పత్రికి పంపించేశాడు. వాళ్ళలో దుర్గారావు అనే అతను మాత్రం కదల్లేదు. తన కూతురు కడుపు పట్టుకుని ఏడుస్తోందనీ, ఒక్క పొట్లం చాలనీ బతిమాలాడు. అమ్మిరాజు తలుపు సగం వేసి నిలబడి, పిల్లని డాక్టరుకి చూపించమని బస్సు చార్జీలిచ్చి పంపాడు. మందు ఇవ్వడంలో ఉన్న గొప్ప ఇవ్వకపోవడంలో లేదు. ఆ రోజంతా సిగ్గుతో చచ్చిపోయాడు.

వీరాయమ్మ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పొయ్యి దగ్గర కూర్చుని జీలకర్రా వామూ దోరగా వేయించుకుంటోంది. ఎవరికైనా ఏమైనా అయిందంటావా అని అడిగితే, "ఎవరికీ ఏం కాలేదండీ, మీరు అన్నం తినండి," అంది. ఆడవాళ్ళకి సైన్సు తెలియదు కాబట్టి నిద్ర పడుతుందనుకున్నాడు అమ్మిరాజు.

బుధవారం ఫోనొచ్చింది.

"మావయ్యగారూ, మీ చూర్ణంలో ఏ దోషం లేదండి. నమ్మలేక రెండోసారి కూడా పరీక్ష పెట్టేను. శుభ్రంగా ఉంది."

"ఆయ్," అన్నాడు అమ్మిరాజు. చెయ్యి మళ్ళీ మీసం మీదికి వెళ్ళింది.

ఇంతకీ పొడి ఎంతసేపు వేయిస్తారని అడిగింది సాయిదుర్గ. బాగా వేగింది కాబట్టే అందులో ఏవీ బతకలేదట. అమ్మిరాజు జన్మలో మూలిక వేయించి ఎరగడు. అయినా గెలిచినవాడికి వాదనెందుకు? మన కోనసీమ ఎండ సంగతి నీకు తెలీదమ్మా అని చెప్పి పెట్టేశాడు.

సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. చెప్పినవాడు అమ్మిరాజే. గేదెలు జలకాలాడినా, కోళ్ళు తొక్కినా చెక్కుచెదరని మందంటే అది తాతల మహిమ కాక మరేమిటి? ఆదివారం పొద్దున్నే దుర్గారావు ఈసారి కూతురిని వెంటబెట్టుకు వచ్చాడు. ఆస్పత్రి మాత్రలతో నొప్పి తగ్గింది గానీ, అమ్మిరాజు చేతి మందు కూడా పడితే నిశ్చింతగా ఉంటుందన్నాడు. అమ్మిరాజు ఉప్పొంగిపోయి, కొత్తగా దంచి నింపిన డబ్బా చంకన పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు. నా మందు మీద నీకు ఏనాడూ నమ్మకం లేదు. ల్యాబువాళ్ళు చెప్పేక కూడా నీ పొట్లాల కోసం కాసుక్కూచోవడం ఎందుకు? ఇకనుంచి డబ్బాలోంచి తీసి నా చేత్తో నేనే ఇస్తాను."

వీరాయమ్మ మొహం పాలిపోయింది. గబుక్కున లేచి వచ్చి డబ్బా మీద రెండు చేతులూ వేసి, అరుగు మీదున్న పిల్లకేసి ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"మీరు దంచింది ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదండీ."