పక్కా కాయితాలు

“ఎవ్వనికీ పవరాఫటార్నీ ఇయ్యకు అన్నా. నువ్వే వచ్చి సంతకం పెట్టు” అన్నాడు వీడియో కాల్‌లో రామ్‌దాస్.

బోధన్‌లో సోఫా మీద కాళ్లు బార్లా చాపుకున్న ఆత్మారాం మొహం చిట్లించాడు. ఏటా చలికాలం నెల రోజులు సముద్రం ఒడ్డున గడపడానికి దుబాయిలో ఓ ఫ్లాటు కొనాలని అతని ముచ్చట. ఎవడైనా ముంచుతాడేమోనని బెంగ. పదిమందిని ముంచి పైకొచ్చినవాడికి ఆ బెంగ ఉండదా మరి! అందుకే అక్కడ ట్యాక్సీ నడుపుకునే రామ్‌దాస్‌ను, వారానికి ఒక్కటే దొరికే సెలవు రోజున, ఫ్లాటు చూడడానికి తరిమాడు.

“నల్లా ఇప్పు. బాత్రూంల గూడ. గోడ మీద కొట్టి సూపియ్.”

రామ్‌దాస్ నల్లాలు తిప్పి నీళ్లు వదిలాడు. గోడలు కొట్టాడు. బాల్కనీలోంచి సముద్రం చూపించాడు.

“కాయితాలు?”

“సర్కారు ఆఫీసుల అడిగిన. ఓనరు పేరు కలిసింది. పక్కా అన్నా.”

అయినా ఆత్మారాం మనసు కుదుటపడలేదు. గొంతు తగ్గించాడు.

“అరే, పన్నెండేండ్ల కింద నేను ఆడ కాంట్రాక్టు ఇడిసిపెట్టి ఉరికొచ్చినప్పుడు మీ కూలోళ్లందరి పాస్‌పోర్టులు నా సంచిలనే ఉండిపాయె. నిన్ను కన్న అవ్వ సస్తే గూడ నువ్వు రాకపోతివి. గది మనసుల పెట్టుకోలే గద?”

రామ్‌దాస్ నవ్వాడు. “ఫోన్ల సూసిన గదన్నా, కట్టెల మీద పెట్టంగ. ఇగ మా అసోంటోళ్లం ఏం జేస్తం?”

నిజమే, కూలోడు ఏం చేస్తాడు! ఆత్మారాంకు ప్రాణం హాయిగా అనిపించింది. మర్నాడే టికెట్టు తీసుకున్నాడు.

దుబాయి ఎయిర్‌పోర్టులో అధికారి అతని పాస్‌పోర్టు చూశాడు, కంప్యూటరు చూశాడు, మళ్లీ అతని మొహం చూశాడు. పాస్‌పోర్టు తిరిగివ్వలేదు. ఇద్దరు పోలీసులు వచ్చి చెరోపక్కన నిలబడ్డారు. బతిమాలితే ఒక్క ఫోను చేసుకోనిచ్చారు.

“ముంచితివి గదరా! ఆ ఇల్లు దొంగదా?” అని అరిచాడు ఆత్మారాం.

“అయ్యో, ఇల్లు పక్కానే అన్నా. ఓనరు తాళాలు పట్టుకొని బయట నిలబడ్డడు.” రామ్‌దాస్ గొంతు నిమ్మళంగా ఉంది. “మా అవ్వను కట్టెల మీద పెట్టిన దినం నేనీడ ఠాణాల పెట్టిన కేసు గూడ పక్కానే.”