ముట్టుకుంటే రద్దు

"పడవనైనా మనిషినైనా ముట్టుకున్నావంటే నీ ఈత రద్దు. గుర్తుందిగా?" తెల్లవారుజామున నేను సముద్రంలోకి దిగుతుంటే అక్క అడిగింది. ఈ సముద్రపు పాయను ఇద్దరం జట్టుగా, వంతులేసుకుని ఈదుదామని ఏడాదిగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నేను ఒంటరి ఈతకే పేరిచ్చాను. అక్క పడవలో తోడొచ్చింది.

మధ్యాహ్నానికి అవతలి ఒడ్డు కనిపించింది కానీ, ఎంతకీ దగ్గర కావడం లేదు.

"ఒరేయ్, చలికి నీ పెదాలు నల్లబడ్డాయి. పైకొచ్చెయ్," అంది అక్క, పొడవాటి కర్రకు కట్టిన సీసా అందిస్తూ.

"నాకేం కాలేదు."

"మన ఇంటి నంబరెంత?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. "ఈదేవాడికి ఇంటి నంబరెందుకు?" అన్నాను.

అక్క వెంటనే నీళ్లలోకి దూకింది. ముట్టుకోకుండా కాసేపు ఎవరైనా పక్కన ఈదొచ్చు, అందుకు నియమాలు ఒప్పుకుంటాయి. నాలుగు బారలు వేసిందో లేదో, "ఎడమ కాలు పట్టేసిందిరా," అంటూ మునిగింది. తేలింది. మళ్లీ మునిగింది.

ఒక్కసారి ఒడ్డు వైపు చూశాను. అక్కడ నాకోసం నిలబడ్డవాళ్లు చేతులు ఊపుతున్నారు. తిట్టుకుంటూ అక్క జబ్బ పట్టుకున్నాను.

పడవవాళ్లు ఇద్దరినీ పైకి లాగి, ఉన్న దుప్పట్లన్నీ నా మీదే కప్పారు. అయినా చాలాసేపు పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. మాట పెగిలాక, "నొప్పి తగ్గిందా?" అని అడిగాను.

"ఇప్పుడిప్పుడే తగ్గుతోంది," అంటూ అక్క కుడి కాలు రుద్దుకుంది.

ఆ కాలి వంకే చూస్తూ ఉండిపోయాను.

"ఎడమది కూడా కాస్త రుద్దుకో అక్కా," అన్నాను. "వచ్చే ఏడాది నీ వంతు కూడా ఉంటుందిగా."